ఖర్జూరాలకు పోయిన టీవీ గేమ్

పాతసామాన్ల అంగళ్ళలో నన్ను చూసినవాళ్ళు ముందు దారి తప్పి వచ్చాననుకుంటారు. తుప్పుపట్టిన నట్లు, తిరగని ఫ్యాన్లు, మూతల్లేని మిక్సీ జార్లు పరిచిన గోనెపట్టా ముందు నలభై దాటిన ఆడమనిషి గొంతుకూర్చుని కెలుకుతూ ఉంటే వాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? కుక్కర్ వెయిటు కోసం వచ్చిందేమో అనుకుంటారు. "ఎన్నమ్మా వేణుం?" అని, ఏం కావాలని అడుగుతారు. టీవీ గేమ్ కావాలంటాను. అప్పుడు నా వెనక పిల్లలెవరన్నా ఉన్నారేమోనని తొంగిచూస్తారు. ఎవరూ ఉండరు.

వేలూరు పాత బస్టాండు చుట్టుపక్కల ఆదివారం పొద్దున పరిచే ఈ అంగళ్ళకు నేను పోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కొంతమంది నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, కుప్పలోంచి ఏదో ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి పైకెత్తి చూపిస్తారు. చాలాసార్లు అది కేబుల్ టీవీ పెట్టె అయి ఉంటుంది, లేకపోతే పాత మోడెం. అయినా లేచి పోయి చూస్తాను. చూడకుండా తల తిప్పుకుని వచ్చేస్తే ఆ రోజంతా అదేనేమో, అదేనేమో అని మనసు పీకుతూ ఉంటుంది.

నాకు కావలసింది ఏమిటో ముందే చెప్పేస్తాను, దాచుకోవడానికేమీ లేదు. తొంభైల్లో ఇళ్ళల్లో టీవీకి తగిలించుకుని ఆడిన గేమ్ పెట్టె మీకూ గుర్తుండే ఉంటుంది. పైన పసుప్పచ్చ క్యాసెట్ గుచ్చాలి. బొమ్మ రాకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ గుచ్చాలి. దానికి రెండు రిమోట్లు. అలాంటి పెట్టెలు నాకు బోలెడు దొరికాయి, అన్నీ ఇంట్లో మంచం కింద ఉన్నాయి. నేను వెతికేది ఒకే ఒక్క రిమోట్ కోసం. మా ఇంటి రెండో రిమోట్. దాని తీగ మధ్యలో తెగితే మా నాయన అతికాడు. ఆ అతుకు కావాలి నాకు.

ఇంత చిన్న కోరికకు అడ్డం ఏమిటంటే, పాతసామాన్ల అంగడికి ఏ వస్తువు వచ్చినా మొదట కోసేది తీగనే. తీగలో రాగి ఉంటుంది. ప్లాస్టిక్‌ను ఎండకూ వానకూ వదిలేస్తారు గానీ రాగిని ఎవరూ వదలరు. అందుకని నాకు దొరికే రిమోట్లన్నీ మొండివి. బొడ్డు కోసినట్టు మొదట్లో చిన్న తోక మాత్రం మిగిలి ఉంటుంది. అంటే నేను దేనికోసం తిరుగుతున్నానో అదే అన్నిటికన్నా ముందు పోతుంది. ఈ సంగతి తెలియక వెతకడం లేదు. తెలిసే వెతుకుతున్నాను. బుద్ధి ఉన్నవాళ్ళు ఇలాంటి పని చెయ్యరని కూడా తెలుసు, ఎవరూ ప్రత్యేకంగా వచ్చి చెప్పనక్కర్లేదు.

మాది వేలూరు దగ్గర గుడియాత్తం. మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దిగితే తమిళం, కోపం వస్తే రెండూ. బళ్ళో చదివింది తమిళం కాబట్టి నాకు తెలుగు అక్షరం ముక్క వచ్చేది కాదు. పెద్దయ్యాక వేలూరులో కళ్ళద్దాల అంగట్లో పనికి చేరినప్పుడు, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళ చూపు పరీక్షకని గోడకు తగిలించిన పలక మీద నేర్చుకున్నాను. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఇప్పటికీ నాకు పెద్ద అక్షరాలంటే ధైర్యం, చిన్నవంటే అనుమానం.

నాయన లుంగీలు నేసేవాడు. గుంత మగ్గం. పొద్దున కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చుంటే అన్నానికే లేచేవాడు. నేను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన తల నా నడుము ఎత్తున ఉండేది. నాయన అంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, నడినెత్తి, దాని మీద తెల్లగా అంటుకున్న దూది నలుసులు. ఆయనది ఎడంచేతి వాటం. నాకూ అదే వచ్చింది. నేను ఎడం చేత్తో ముద్ద ఎత్తితే అమ్మ చేతి మీద ఒకటి వేసేది. నాయన గుంతలోంచే, "దాని చెయ్యి దాని ఇష్టం, వదిలిపెట్టు" అని అరిచేవాడు. ఆయన మాట మా ఇంట్లో చెల్లిన సందర్భాలు తక్కువ, ఇది ఒకటి.

ఒక పడుగు నేసి ముగిశాక దాన్ని మగ్గం మీంచి పూర్తిగా కోసెయ్యరు. జానెడు నూలు కొసన అలాగే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, వేళ్ళకు విభూతి అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి మెలి పెడతారు. ముడి వెయ్యరు. ముడి వేస్తే దువ్వెన పళ్ళలాంటి అచ్చు సందులోంచి పోదు, తెగుతుంది. పడుగులో ఎన్ని పోగులుంటే అన్నీ, ఒక్కొక్కటిగా. మా ఇంట్లో ఆ పని నాయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్ళం. అందరూ కుడి చేత్తో నలుపుతారు కాబట్టి మెలి ఒకవైపు వాలుతుంది. మా ఇద్దరిదీ ఇంకోవైపు. నూలు ఇచ్చి కూలికి నేయించే ముదలాళి గుమస్తా మగ్గం చూడ్డానికి వచ్చి, "ఇదేందప్పా, మీ ఇంట్లో అతుకు కూడా అడ్డదిడ్డంగానే ఉండాది" అని ఎగతాళి చేసేవాడు. నాయన నావైపు చూసి కన్ను కొట్టేవాడు. అదేదో మా ఇద్దరి ఆస్తి అన్నట్టు ఉండేది నాకు.

పాత పడుగు ముగిసి, కొత్త పడుగు ముదలాళి దగ్గర్నుంచి రాని రోజుల్లో మగ్గం ఊరికే ఉండేది. టీవీ గేమ్‌కు ఆ రోజులే. మిగతా రోజుల్లో దాని కూతలకు నాయన చెయ్యి తప్పుతుందని అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. నాయన ఒకసారి లుంగీల మూటతో చెన్నపట్నం పోయి, మూట దించి, ఆ పెట్టె ఎత్తుకొచ్చాడు. అమ్మ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాచేత కబురు చెప్పించేది. "అన్నానికి రమ్మను మీ నాయన్ని, బొమ్మలు కడుపు నింపవని చెప్పు" అనేది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా. మగ్గం ఖాళీ అయిందంటే పెద్దవాళ్ళ మొహాలు వేలాడేవి, నాకు మాత్రం పండగ. కూలి రాని రోజు అని నాకేం తెలుసు.

ఆట చాలా తేలిక. ఒక చిన్న మనిషి కుడివైపుకు పరిగెత్తుతూ ఉంటాడు. దారిలో గుంతలొస్తాయి, దూకించాలి. మొదట నా వంతు, నేను చచ్చాక నాయన వంతు. రెండో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండదు. మొదటివాళ్ళు మొదలుపెడితేనే రెండోవాళ్ళకు ఆట. "నువ్వు మొదలుపెడితేనే గదమ్మా నా బతుకు" అని నాయన రిమోట్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసేవాడు. నేను బాగా ఆడేదాన్ని, తొందరగా చచ్చేదాన్ని కాదు. ఆయన ఓపిగ్గా కూర్చునేవాడు. తన వంతు రాగానే మొదటి గుంతలోనే పడేవాడు. ప్రతిసారీ అంతే. రిమోట్‌ను రెండు చేతులతో గాల్లోకి ఎత్తేవాడు, బొటనవేళ్ళు కూడా పైకి లేచేవి, కూర్చున్న మనిషి తానే సగం ఎగిరేవాడు. తెర మీద మనిషి మాత్రం దూకేవాడు కాదు. పడ్డాక నావైపు తిరిగి, "గుంతలో బతికేవానికి గుంత భయమా నాయనా" అనేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. వంటింట్లోంచి అమ్మ కూడా నవ్వేది, మాకు వినపడదనుకుని.

కావాలనే పడేవాడేమో, నా వంతు తొందరగా రావాలని. ఈ అనుమానం నాకు ముప్ఫై దాటాక వచ్చింది. అప్పటికి అడగడానికి మనిషి లేడు.

ఒక వానాకాలం ఎలుక రెండో రిమోట్ తీగను మధ్యకు కొరికేసింది. టీవీ రిపేరు చేసే ఆయన చూసి, ఇది పనికిరాదు, కొత్తది కొనుక్కోండి అన్నాడు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. నాయన విభూతి డబ్బా తెచ్చుకున్నాడు. రబ్బరు తొడుగును పంటితో చీల్చి, లోపలి సన్నతీగలను రంగుకు రంగు కలిపి, వేళ్ళకు విభూతి అద్దుకుని, పడుగు అతికినట్టే అతికాడు. కరెంటు పని తెలిసినవాడెవడూ రాగి మీద విభూతి పూయడు. ఆయనకు అతుకంటే అదే మరి. ఒక్కో తీగకు నూలు చుట్టి కొవ్వొత్తి మైనం పూశాడు. అన్నిటినీ కలిపి మళ్ళీ పైన లుంగీ అంచు నీలం నూలు చుట్టాడు. తీగ మధ్యలో చిక్కుడుగింజంత ఉబ్బు వచ్చింది. దేవుడి దయో విభూతి దయో, రిమోట్ పనిచేసింది. ఆ సాయంత్రం నాయన మళ్ళీ మొదటి గుంతలో పడ్డాడు.

నేను వేలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటుండగా నాయన పోయాడు. గుండెపోటు. సగం నేసిన పడుగు మగ్గం మీదే ఉంది. పక్కింటాయన వచ్చి దాన్ని నేసి ముగించాడు. ఈసారి కొస వదల్లేదు, అంతా కోసేశారు. మగ్గం ఊడదీశారు, గుంతను మట్టితో పూడ్చారు.

మా వైపు పాత ఇనుము కొనేవాళ్ళు తోపుడుబండి మీద ఖర్జూరాల బుట్ట పెట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు. ఇనుము తూచుకుని దానికి తగ్గట్టు ఖర్జూరాలు ఇచ్చేవాళ్ళు. ఇప్పటికీ ఎవరి బండి అయినా మరీ పాతబడితే "దీన్ని పేరీచ్చంపళానికి వెయ్యి" అని తమిళంలో నవ్వుతారు. ఖర్జూరాలకు వేసెయ్యమని. నేను సెలవులకు ఇంటికి వచ్చేసరికి స్టీలు గిన్నె నిండా ఖర్జూరాలున్నాయి. మంచివి, మెత్తటివి. కాళ్ళు చాపుకుని కూర్చుని తిన్నాను. బాగున్నాయి, యాడివి అని కూడా అనలేదు, అంత ఆకలి. తర్వాత లేచి గేమ్ పెట్టె కోసం అటక మీద చూశాను.

"గేమ్ యాడ పెట్టినావమ్మా?" అన్నాను.

అమ్మ గిన్నె వైపు చూసింది. "మగ్గం ఇనుముతో బాటే ఎత్తేసినాను. ఇంట్లో ఉంటే చూసి చూసి ఏడ్చేది నువ్వే గదా" అంది.

నోట్లో ఇంకా తీపి ఉంది.

అమ్మ మీద కోపం చాలా కాలం ఉండింది. ఇప్పుడు అమ్మా లేదు, ఆ కోపం పెట్టుకోవడానికి చోటూ లేదు. ఖర్జూరాలు మాత్రం ఆ తర్వాత నేను నోట పెట్టలేదు. రంజాన్ నెలలో మా అంగడి పక్కనాయన ప్రేమగా ఇస్తే తీసుకుని, థ్యాంక్స్ చెప్పి, బస్సులో ఎవరి పిల్లలకన్నా ఇచ్చేస్తాను.

ఇప్పుడు నేనుండేది వేలూరు శివార్లలో, బాగాయంలో, మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు. పెళ్ళి సంబంధం ఒకటి కుదిరి చెడింది, ఆపైన నేనే చాలన్నాను. దానికీ టీవీ గేమ్‌కూ ఏ సంబంధమూ లేదు గానీ జనం కలుపుతారు. ఒకరోజు ఇంటి ఓనరమ్మ మంచం కింద పెట్టెలు చూసి, "పిల్లలుండే ఇంట్లో ఉండాల్సినవి, నీకెందుకమ్మా ఇవి" అంది. ఆమె చెడ్డది కాదు. ఆ మాట అనేసి కిందికి పోయి నాకు గిన్నెడు పులిహోర పంపించింది. తింటుంటే కళ్ళ నీళ్ళు కారాయి. మిరపకాయ అనుకుంటే అనుకోండి.

బాగాయంలో ఒక సౌకర్యం ఉంది. ఇక్కడి పెద్ద హాస్పిటల్లో చదువులకూ ఉద్యోగాలకూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి, కొన్నేళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ. పోయేటప్పుడు సామాన్లన్నీ పాతసామాన్ల అంగడికి వేసిపోతారు. అసలు సిసలు జపాన్ పెట్టెలు అక్కడ బయటపడతాయి. వాటి కోసం బెంగుళూరు నుంచి కారేసుకుని కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళలో ఒకడు నేను కెలకడం చూసి, తనలాంటిదే అనుకుని సంబరంగా, "మీరు ఏం కలెక్ట్ చేస్తున్నారు మేడం?" అన్నాడు. "తీగలు" అన్నాను. కాసేపు నవ్వాలా వద్దా అని ఆలోచించి, తన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. అతను పోయాక పాపం ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉండొచ్చు కదా అనిపించింది. ఆ రోజు అంగళ్ళవాళ్ళతో తప్ప నేను మాట్లాడింది అతనొక్కడితోనే.

తిరువలంలో వెతికాను. కావేరిపాక్కంలో ఒకాయన నా అవస్థ చూడలేక, కోసిన తీగల గోతం విప్పి నా ముందర కుమ్మరించాడు. రాగి కోసం కాల్చడానికి పెట్టుకున్నవి. ఎండ నెత్తికెక్కేదాకా ఒక్కొక్క తీగా లాగి, వేళ్ళతో తడుముకుంటూ పోయాను. ఎక్కడన్నా ఉబ్బు తగులుతుందేమోనని. తగల్లేదు. ఆ ఊరికి పేరు తెచ్చిన అంత పెద్ద చెరువు పక్కనే ఉంటే ఒక్కసారి కూడా అటు చూడలేదని తిరుగు బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఇన్ని ఊళ్ళు తిరిగినదాన్ని గుడియాత్తం మాత్రం పోలేదు. పోతే తెలిసినవాళ్ళు కనిపిస్తారు, ఎంతమంది పిల్లలని అడుగుతారు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. అక్కడ కూడా దొరక్కపోతే ఇక వెతకడానికి చోటుండదు. ఆదివారాలు ఏం చేసుకోను?

పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, కళ్ళద్దాలకు వచ్చిన ఒక పెద్దాయన మాటల్లో చెప్పాడు, గుడియాత్తంలో ఏటి పక్కన ఒక అంగట్లో పాత కరెంటు సామాన్లు ఇంటి ఎత్తున పేరుకుని ఉన్నాయని. ఆ వారమంతా వినలేదన్నట్టే ఉన్నాను. ఆదివారం పొద్దున నా కాళ్ళు గుడియాత్తం బస్సెక్కాయి.

అంగడి యజమాని నా ఈడువాడే. రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కత్తెరతో తీగలు కోస్తున్నాడు. ఆయన వెనక స్తంభానికి ఒక మేకు, మేకుకు ఒక రిమోట్ వేలాడుతోంది. తీగ పూర్తిగా ఉంది. తీగ మధ్యలో ఉబ్బు. ఉబ్బు మీద నీలం నూలు.

"అది మాది" అన్నాను. నమస్కారం లేదు, ఏమీ లేదు.

ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "ఏదిమ్మా?"

"ఆ రిమోట్. మా నాయన అతికినాడు దాన్ని."

"మధ్యలో మీ నాయన యాడొచ్చినాడు? మా నాయన అతికింది అది. అమ్మేది కాదు."

నాకు కోపం వస్తే ముందూ వెనకా చూడను. "అమ్మేది కాకపోతే అంగట్లో ఎందుకు తగిలించినారు? జనాన్ని చంపేదానికా?" అని అరిచాను. పక్కన సైకిలు అంగడివాళ్ళు లేచి చూశారు. ఇన్నేళ్ళు తిరిగి తిరిగి చివరికి దొరికిన వస్తువును ఎవడో తనదంటే ఎలా ఉంటుంది మరి.

"సండై వేణామ్మా" అన్నాడాయన, జగడమొద్దని. కత్తెర పక్కన పెట్టి, మేకు మీంచి రిమోట్ తీసి నా చేతిలో పెట్టాడు. "చూసుకో. నీదైతే ఎత్తుకొని పో."

కళ్ళద్దాల అంగట్లో పనిచేసేవాళ్ళ సంచిలో భూతద్దం ఉంటుంది. తీసి చూశాను. నూలు లుంగీ నూలే. మైనం మైనమే. ఒక కొసన చుట్టు కొంచెం వదులై లోపలి సన్నతీగ కనిపిస్తోంది. ఎర్ర తీగకు ఎర్ర తీగ, ముడి లేకుండా మెలి పెట్టి ఉంది. మెలి అందరిలాగే వాలి ఉంది. కుడిచేతి మనిషి అతుకు.

"మాది కాదు" అన్నాను.

ఆయన కుర్చీ నా వైపు జరిపి, తాను రాగి మూట మీద కూర్చుని, ఎదురు అంగడికి రెండు టీలని కేక వేశాడు.

"యా వీధి మీది?" అని అడిగాడు. చెప్పాను. తలూపాడు. "మా నాయనా నేసేటోడే. మీది గూడా ఎలకేనా?"

"ఎలకే."

"నూలుకు పెట్టే గంజి వాసనకి మగ్గాల ఇండ్లల్లో ఎలకలు రాకుండా ఉంటాయా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అతికిన తర్వాత మీది ఆడిందా అని అడిగాడు. ఆడిందన్నాను.

"మాది ఆడలేదక్కా. ఒక్క రోజన్నా ఆడలేదు. విభూతి పెట్టి అతికితే యాడ ఆడుతాది? మా నాయన మాత్రం టీవీలోనే తప్పుండాది అని పోయేదాకా అన్నాడు." రిమోట్ నా చేతిలోంచి తీసుకుని తీగను వేళ్ళకు చుట్టుకున్నాడు. "ఊరందరి తీగలూ కోసేది నేనే. దీన్ని కొయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు."

అడగాలని వచ్చిన మాట అడిగేశాను. "అన్నా, ఇట్లాంటి అతుకే, మెలి మాత్రం రెండోపక్కకి వాలింటాది. నీలం నూలే. ఎప్పుడన్నా మీ చేతికి వచ్చిందా?"

ఆయన తీగను వేళ్ళ నుంచి విప్పి, రిమోట్‌ను మళ్ళీ మేకుకు తగిలించాడు. లేదు అని ఒక్క మాట అంటే నేను ఇంకో ఊరు వెతుక్కుంటూ పోయేదాన్ని. ఆయనకు అబద్ధం చేతకాలేదు.

"వచ్చింటాదక్కా. ఇట్లాంటివి చానా వచ్చినాయి. ఈ ఊర్లో అందరి నాయనలూ ఇట్లనే గదా అతికేది. మెలి ఎట్లుండాదని నేను చూళ్ళేదు. మైనం, నూలు కలిస్తే రాగి సుద్దంగా రాదు. అతుకున్న ముక్క కోసి అట్లా ఏట్లో పారేస్తాము."

ఏరు అక్కడికి కనిపిస్తోంది. నీళ్ళు లేవు. ఇసక, ముళ్ళకంప, ప్లాస్టిక్ కవర్లు. నేను టీ తాగాను. చల్లారిపోయినా మొత్తం తాగాను, ఆయన తెప్పించినందుకు. దుఃఖం కన్నా ముందు సిగ్గుగా అనిపించింది. ఇన్ని ఆదివారాలు రాగి గోతాల్లో వెతికాను. రాగిలోకి అది ఎప్పుడూ రానేలేదు. పనికిరానిదని ముందే తీసి పారేశారు. ఆ తర్వాత దుఃఖం వచ్చింది. మా నాయన రెండోసారి పోయినట్టు అనిపించింది, ఈసారి నా కళ్ళ ముందే.

లేచి వస్తుంటే ఆయన కుప్పలోంచి పొడుగాటి తీగ ఒకటి లాగాడు. ఏదో పాత రిమోట్‌దే, ఇంకా ముక్కలుగా కొయ్యనిది. చుట్ట చుట్టి నా సంచిలో పెట్టాడు. ఎందుకన్నా అంటే, "ఊరికే పెట్టుకోక్కా" అన్నాడు.

మా వీధికి పోలేదు. పోతే గుంత పూడ్చిన చోట ఎవరిదో ఫ్రిజ్ ఉంటుంది.

బాగాయం చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు. ఇల్లు తుడిచాను. తుడుస్తుంటే చీపురు మంచం కింద పెట్టెలకు తగిలింది. ఒక మొండి రిమోట్ తీశాను, రెండో ఆటగాడిది. సంచిలో తీగ తీశాను. పెట్టె వైపు కొస బాగానే ఉంది, గుచ్చుకునే ప్లగ్గు కూడా ఉంది. దేవుడి పటం దగ్గర్నుంచి విభూతి తెచ్చుకున్నాను. వద్దులే అని ఒక్కసారి అనుకుని, అయినా వేళ్ళకు అద్దుకున్నాను. రబ్బరును పంటితో చీల్చి, రంగుకు రంగు కలిపి నలిపాను. పడుగు అతికి ఎన్నో ఏళ్ళయినా వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. కుట్టుపెట్టెలో నీలం దారం ఉంటే చుట్టాను, మైనం పూశాను.

ఆరాక భూతద్దం పెట్టి చూశాను. మెలి రెండోపక్కకు వాలి ఉంది.

ఎడంచేతి దాన్ని, ఇంకెలా వస్తుంది? ఇన్ని ఊళ్ళు తిరిగినప్పుడు ఈ చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఏట్లో పారేసినది నాయన అతుకు. నా చేతిలో ఉన్నదీ నాయన అతుకే. సంతోషపడాలో తిట్టుకోవాలో తెలియలేదు. అతుకు చూపించి ఇదిగో అని చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడని మాత్రం గట్టిగా తెలిసింది.

పెట్టెను టీవీకి తగిలించి, క్యాసెట్ ఊది గుచ్చాను. రెండు రిమోట్లూ ముందు పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. ఇద్దరి ఆట ఎంచుకుని స్టార్ట్ నొక్కాను. నా వంతు చాలాసేపు ఆడి ఎక్కడో చచ్చాను. తెర నల్లబడి, రెండో మనిషి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ కదపకపోతే ఆయన అలాగే నిలబడి ఉంటాడు, నా వంతు ఇక రాదు.

అతికిన రిమోట్ తీసుకున్నాను. బటన్ నొక్కితే మనిషి ఎగిరాడు. పనిచేస్తోంది. మొదటి గుంత దాకా నడిపించాను. నాయన వంతు కాబట్టి నాయనలాగే పడాలి. పడలేకపోయాను. గుంత అంచుకు రాగానే నా బొటనవేలు దానంతటదే నొక్కేసింది, మనిషి అవతలికి దూకేశాడు. రెండో గుంత దగ్గర కూడా అంతే. ఆ బటన్ మీద వేలుంటే పడడం కుదరదు. పడాలంటే కావాలని వేలు పైకెత్తాలి.

మూడో గుంత దగ్గర రిమోట్‌ను రెండు చేతులతో గాల్లోకి ఎత్తి, బొటనవేళ్ళు రెండూ పైకి లేపాను. అప్పుడు పడ్డాడు.

తెర నల్లబడింది. నా వంతు వచ్చింది.